మీ వీధిలోకి వైన్ షాపు వస్తోందా? అభ్యంతరం ఎలా పెట్టాలి

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, మా కాలనీ మూల మీద షట్టరుకు రంగులేస్తున్నారు, వైన్స్ అంట. పక్కనే స్కూలుంది. కార్పొరేటర్‌ను కలిస్తే చూస్తానన్నాడు. ఇప్పుడేం చేయాలి?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. 2023 చివర్లో మా కాలనీలో మేం ఇదే పని చేశాం. ఇందులో సగం, తప్పు చేసి నేర్చుకున్నదే.

మద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ లేదు. మా అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళలో శనివారం రాత్రి రెండు పెగ్గులు వేసేవాళ్ళూ ఉన్నారు. స్కూలు గేటు ముందు షాపు వద్దు, అంతే మా మాట. మీరూ అంతవరకే మాట్లాడితే పని తొందరగా అవుతుంది.

ముందు ఇది తెలుసుకోండి: లైసెన్స్ ఎవరిస్తారు?

కార్పొరేటర్ కాదు, జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) కాదు. మన తెలంగాణలో మద్యం షాపు లైసెన్స్ ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖది. లైసెన్స్ కాలం రెండేళ్ళు. ఇప్పుడు నడుస్తున్నది 2025 డిసెంబరు 1 నుంచి 2027 నవంబరు 30 దాకా. రాష్ట్రం మొత్తం మీద 2,620 షాపులు. దరఖాస్తులు తీసుకుని, కలెక్టర్ల ఆధ్వర్యంలో లక్కీ డ్రా తీస్తారు.

ఆ డ్రాలో తగిలేది మనిషికి, షట్టరుకు కాదు. ఫలానా ఏరియాలో ఫలానా నంబరు షాపు అని గెజిట్‌లో ఉంటుంది. డ్రా తగిలినవాడు ఆ ఏరియాలో షట్టరు వెతుక్కుని, అద్దె ఒప్పందం రాసుకుని, ప్లాన్ గీయించి ఎక్సైజ్ వాళ్ళకు ఇస్తాడు. వాళ్ళు వచ్చి చోటు చూసి, సరే అంటే లైసెన్స్. మీ అభ్యంతరానికి అసలు సమయం ఈ మధ్యలోనే. దరఖాస్తుకే తిరిగిరాని 3 లక్షలు కట్టి, హైదరాబాద్‌లో ఏడాదికి 1.10 కోట్ల ఎక్సైజ్ పన్ను కట్టబోయేవాడు "కాలనీవాళ్ళు బాధపడుతున్నారు" అంటే వెనక్కి పోడు. కానీ సామాను దింపకముందైతే షట్టరు మార్చుకోవడానికి ఒప్పుకుంటాడు. దింపాక అదే పనికి రెండింతల తిరుగుడు.

కావలసినవి

- 50 మీటర్ల ఫైబర్ టేపు. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. 5 మీటర్ల స్టీలు టేపుతో కుస్తీ పట్టొద్దు.
- చాక్‌పీసులు, నోట్‌బుక్, వీడియో తీయడానికి ఒక ఫోను.
- టేపు పట్టడానికి ఇద్దరు, రాయడానికి ఒకరు. వీరిలో ఒకరు స్కూలు తరఫువారైతే మంచిది.
- స్కూలు గుర్తింపు ఉత్తర్వు జిరాక్స్, యూడైస్ నంబరు (ప్రతి స్కూలుకూ ప్రభుత్వం ఇచ్చే కోడ్). ఆసుపత్రో గుడో అయితే దాని రిజిస్ట్రేషన్ కాగితం.
- కాలనీ అసోసియేషన్ లెటర్‌హెడ్. లేకపోతే తెల్ల కాగితమూ చెల్లుతుంది.
- ఓపిక. దీనికి జిరాక్స్ లేదు.

1. వచ్చేదేంటో ఖాయం చేసుకోండి

రంగు చూసి, పుకారు విని అర్జీ రాయొద్దు. షట్టరు ఓనరునే అడగండి, చాలామంది దాచరు. తర్వాత మీ ఏరియా ఎక్సైజ్ స్టేషన్‌కు వెళ్ళి "ఇక్కడికి ఏ4 షాపు ప్రతిపాదన వచ్చిందా, గెజిట్ నంబరెంత" అని అడగండి. ఏ4 అంటే సీసా కొనుక్కుని వెళ్ళే రిటైల్ షాపు. వచ్చేది బార్ అయితే రూల్స్ వేరు, ఇక్కడ చెప్పిన కొలతలు దానికి వాడొద్దు. కొత్త షాపే కానక్కర్లేదు, వేరే చోట నడుస్తున్న షాపు మధ్యలో అనుమతి తీసుకుని మీ వీధికి మారుతుండొచ్చు. అదీ అడగండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఆఫీసు తప్పడం. పోలీస్ స్టేషన్ హద్దులు, ఎక్సైజ్ స్టేషన్ హద్దులు ఒకటి కావు. మనం హైదరాబాద్ అనుకునే ఊరు ఎక్సైజ్ లెక్కలో హైదరాబాద్, సికింద్రాబాద్, సరూర్‌నగర్, శంషాబాద్, మల్కాజిగిరి, మేడ్చల్ అని ముక్కలై ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో జిల్లా ఎక్సైజ్ అధికారి. జనం నోట్లో ఇంకా "సూపరింటెండెంట్ సార్" అనే పేరే ఉంది. మేం మొదటి అర్జీ పక్క స్టేషన్‌లో ఇచ్చి పది రోజులు పోగొట్టుకున్నాం. తీసుకున్నాయన "ఇది మాది కాదు" అని పదకొండో రోజు చెప్పాడు.

2. 100 మీటర్లలో ఏమేం ఉన్నాయో రాయండి

రూలు ఇది: గుడి, మసీదు, చర్చి వంటి ప్రార్థనా స్థలానికి, విద్యాసంస్థకు, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు ఏ4 షాపు పెట్టకూడదు. అయితే ప్రతి గుడీ గుడి కాదు, ప్రతి స్కూలూ స్కూలు కాదు. దేవాదాయ శాఖ దగ్గర నమోదైన గుడి, వక్ఫ్ బోర్డు దగ్గర నమోదైన మసీదు కావాలి. ప్రభుత్వ గుర్తింపున్న స్కూలు, కాలేజీ కావాలి. వేపచెట్టు కింది పోచమ్మ గద్దె మనకెంత ముఖ్యమైనా, కాగితం లేకపోతే ఫైలులో నిలబడదు. ట్యూషన్ సెంటరు, కోచింగ్ సెంటరు, వీధి చివరి ఒంటిగది క్లినిక్ కూడా అంతే. అర్జీలో బరువు కోసం ఇవన్నీ చేరుస్తారు. చేరిస్తే ఇన్‌స్పెక్టరు వాటినే ముందు కొట్టేసి, "అర్జీలో చెప్పినవి రూలుకు రావు" అని రాసి పంపుతాడు. గట్టిది ఒక్కటి చాలు.

ఇంకోటి, సుప్రీంకోర్టు 500 మీటర్ల తీర్పు. అది జాతీయ, రాష్ట్ర రహదారుల పక్క షాపుల గురించి 2016 డిసెంబరులో వచ్చింది. మున్సిపల్ హద్దుల్లోపల అది వర్తించదని 2017 జులైలో కోర్టే చెప్పింది. నగరంలో ఉండి ఆ తీర్పు రాస్తే మీ అర్జీ చదివేవాడికి నవ్వొస్తుంది.

3. కొలవండి (అంతా ఇక్కడే ఉంది)

ఫోన్ మ్యాప్‌లో వేలుపెట్టి గీత గీసి "84 మీటర్లు!" అని వాట్సాప్ గ్రూపులో పెట్టినవాణ్ణి నేనే. తప్పు. రూలు ప్రకారం కాకి ఎగిరే దూరం లెక్కకు రాదు, మనిషి నడిచే దూరమే లెక్క. షాపు ద్వారం నడి మధ్య నుంచి మొదలుపెట్టి, జనం మామూలుగా నడిచే దగ్గరి దారిలో వెళ్ళి, స్కూలుకు కాంపౌండ్ గోడ ఉంటే అన్నిటికన్నా దగ్గరున్న గేటు నడి మధ్య దాకా కొలవాలి. గోడ లేకపోతే దగ్గరి ద్వారం మధ్య దాకా.

మేం ఆదివారం పొద్దున ఆరింటికి దిగాం, బండ్లు ఉండవని. షట్టరు వెడల్పు కొలిచి సగం దగ్గర చాక్‌తో గీత పెట్టాం. అక్కణ్ణుంచి ఫుట్‌పాత్ అంచున టేపు పరుస్తూ, 50 దగ్గర ఒక గీత, మళ్ళీ అక్కణ్ణుంచి. మెయిన్ గేటు దాకా వచ్చేసరికి 112. అందరి మొహాలూ వాడిపోయాయి. మా సెక్రటరీ టేపు చుట్టేయడం కూడా మొదలుపెట్టాడు.

అప్పుడు స్కూలు వాచ్‌మన్ పళ్ళు తోముకుంటూ వచ్చి, "పిల్లలు ఈ గేటు నుంచి పోరు సార్, ఆటోలోళ్ళు దింపేది ఆ చిన్న గేటు కాడ" అన్నాడు. పక్క సందులో, పాల బూతు వెనక, ఒక ఇనుప గేటు. మేం రోజూ చూసేదే, ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ గేటు మధ్యకు మళ్ళీ కొలిస్తే 93 మీటర్ల 40 సెంటీమీటర్లు. మా అర్జీ మొత్తం ఆ గేటు మీదే నిలబడింది.

కాబట్టి, మీరు చూడాల్సినవి:

అన్ని గేట్లకూ విడివిడిగా కొలవండి. తాళం వేసి తుప్పుపట్టిన గేటు చూపిస్తే అది వాడుకలో లేదంటారు. పనిదినాన పిల్లలు ఆ గేట్లోంచి లోపలికి పోతున్న ఫోటో తీసి పెట్టుకోండి, పిల్లల మొహాలు పడకుండా వెనక నుంచి.

మధ్యలో డివైడరుంటే తగాదా అక్కడే. అవతలివాళ్ళు యూటర్న్ దాకా నడిపించి 180 అంటారు. డివైడరులో మనుషులు దాటే సందు ఉంటే అదే "మామూలుగా నడిచే దారి". ఆ సందులోంచి జనం దాటుతున్న వీడియో నిమిషం చాలు.

టేపు ఊరికే వేలాడకూడదు, మలుపుల దగ్గర మూల కోసి తగ్గించకూడదు. రెండుసార్లు కొలవండి. రెండు కొలతలకు అర మీటరు కంటే తేడా వస్తే మూడోసారి కొలవండి. 98, 99 వచ్చిందంటే సంబరపడొద్దు. ద్వారం అటు జరిపి, షట్టరులో సగం గోడ కట్టి 101 చేసేస్తారు. అలాంటప్పుడు ఇప్పుడున్న ద్వారం ఎక్కడుందో తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోవడం తప్పనిసరి.

4. అర్జీ రాయండి

ఒక పేజీ. రెండో పేజీకి వెళ్ళిందంటే ఆవేశం ఎక్కువైందన్నమాట. ఇలా రాయండి:

"గౌరవనీయులైన జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అధికారి గారికి. విషయం: గెజిట్ నంబరు … ఏ4 షాపుకు … రోడ్డు, ఇంటి నంబరు … లోని షట్టరులో అనుమతి ఇవ్వవద్దని విన్నపం. పై షట్టరు ద్వారం మధ్య నుంచి … స్కూలు, యూడైస్ నంబరు …, తూర్పు గేటు మధ్య దాకా నడకదారిలో దూరం … మీటర్లు. … తేదీన … మంది సమక్షంలో కొలిచాం. స్కెచ్, ఫోటోలు, గుర్తింపు ఉత్తర్వు జతపరిచాం. మా సమక్షంలో మళ్ళీ కొలిపించి, నిబంధన ప్రకారం ఈ చోటును తిరస్కరించవలసిందిగా కోరుతున్నాం. మా అర్జీ మీద తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపగలరు."

ఆ చివరి రెండు వాక్యాలూ వదలొద్దు. స్కెచ్ చేత్తో గీసినా చాలు, గేట్లు, దారి, అంకెలు ఉంటే సరి. "లంచాలు తిని ఇస్తున్నారు" లాంటి మాట ఒక్కటి కూడా వద్దు. రుజువు లేని మాట రాస్తే అర్జీ పక్కకు పోయి మీ మీద గొడవ మొదలవుతుంది. స్కూలు యాజమాన్యం తమ లెటర్‌హెడ్ మీద విడిగా ఒకటి ఇస్తే వంద సంతకాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది. కొందరు మేనేజ్‌మెంట్లు టెన్షన్ పడి వెనకాడతారు. అలాంటప్పుడు అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులతో ఇప్పించండి.

5. ఇవ్వండి, రసీదు తీసుకోండి

మూడు కాపీలు. ఒకటి జిల్లా ఎక్సైజ్ అధికారికి, ఒకటి నాంపల్లిలోని ఎక్సైజ్ కమిషనర్ ఆఫీసుకు, ఒకటి కలెక్టరుకు. చేతికిచ్చి "సార్ చూస్తానన్నారు" అని తిరిగొస్తే మీరు ఇవ్వనట్టే. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట) ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. వేయనంటే బయటికొచ్చి పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్ట్ చేయండి, దాని రసీదే మీ ముద్ర.

సోమవారం కలెక్టరేట్లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు. అక్కడ ఇచ్చినా కాగితం తిరిగొచ్చేది ఎక్సైజ్ వాళ్ళ దగ్గరికే. కాకపోతే పైనుంచి వచ్చిన కాగితానికి జవాబు రాయక తప్పదు కాబట్టి వెళ్ళడం దండగ కాదు.

కార్పొరేటర్, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళొద్దని కాదు. వెళ్ళండి, ఒక లేఖ ఇమ్మనండి, అర్జీకి జత చేయండి. వాళ్ళ మాట మీదే ఆగిపోవద్దు.

6. వాళ్ళు కొలవడానికి వచ్చినరోజు అక్కడుండండి

ముందుగా కబురు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రెండు రోజులకోసారి స్టేషన్‌కు ఫోన్ చేసి అడగాల్సిందే. ఎదురుగా ఉన్న కిరాణా ఆయనకో, వాచ్‌మన్‌కో చెప్పిపెట్టండి. జీపు ఆగగానే మీకు ఫోనొస్తుంది.

వాదనకు దిగకండి. "సార్, ఈ గేటుకు కూడా కొలవండి" అని ఒక్క మాట చెప్పి, టేపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో వీడియో తీయండి. అంకె రాసిన పంచనామాలో మీ పేరు సాక్షిగా వేయమని అడగండి. మీతో సంతకం అడిగితే చదవకుండా పెట్టొద్దు. కొలత మీకు నచ్చకపోతే సంతకం పక్కనే "తూర్పు గేటుకు కొలవలేదు" అని రాసి పెట్టండి. మా దగ్గర ఇన్‌స్పెక్టరు మెయిన్ గేటుకు కొలిచి 113 అని రాసుకుని జీపెక్కబోయాడు. వాచ్‌మనే అడ్డం పడి చిన్న గేటుకు తీసుకెళ్ళాడు.

7. సమాచార హక్కు దరఖాస్తు అప్పుడే వేసేయండి

జవాబు కోసం ఎదురుచూసి వేస్తే నెల పోతుంది. అర్జీ ఇచ్చిన వారంలోనే, 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో, జిల్లా ఎక్సైజ్ ఆఫీసులోని సమాచార అధికారికి పంపండి. అడగాల్సినవి: ఆ షాపు చోటుకు సంబంధించిన తనిఖీ నివేదిక కాపీ, అందులోని దూరాల కొలతలు, లైసెన్సుదారు ఇచ్చిన ప్లాన్, ఫలానా ఇన్‌వర్డ్ నంబరు అర్జీ మీద తీసుకున్న చర్య. ఫైలును స్వయంగా చూసే అవకాశం కూడా కోరండి, చట్టంలో ఉంది.

"ఎందుకు ఇచ్చారు? ఇది న్యాయమా?" అని అడిగితే "ఇది సమాచారం కిందికి రాదు" అని రెండు లైన్లలో ముగిస్తారు. కాగితం పేరు చెప్పి కాగితమే అడగండి. 30 రోజుల్లో రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు.

8. అయినా లైసెన్స్ ఇచ్చేస్తే

కమిషనర్‌కు మళ్ళీ రాయండి, ఈసారి తనిఖీ నివేదికలోని అంకె, మీ అంకె పక్కపక్కన పెట్టి. దానికీ చలనం లేకపోతే హైకోర్టులో రిట్. లాయరు మొదట అడిగేది "అధికారులకు అర్జీ ఇచ్చారా, రసీదు ఉందా" అనే. కోర్టు చాలాసార్లు నేరుగా షాపు మూయించదు, అర్జీని విని ఇన్ని వారాల్లో తేల్చండని అధికారులకు చెబుతుంది. అదీ పనికొచ్చే ఉత్తర్వే. ఆరు నెలలు ఊరుకుని వెళ్తే మాత్రం ఇన్నాళ్ళూ ఏం చేశారని అడుగుతారు.

ఈలోగా షట్టరు ముందు రోడ్డు అడ్డంగా కూర్చోవడం, తాళాలకు ఫెవిక్విక్ పోయడం లాంటివి వద్దు. రెండోది మా పక్క కాలనీ కుర్రాళ్ళు చేశారు. షాపు రెండు గంటలు ఆలస్యంగా తెరిచారు, వీళ్ళు స్టేషన్ చుట్టూ రెండు నెలలు తిరిగారు.

కొలత మీకు అనుకూలంగా రాకపోతే

100 దాటిందంటే చోటు మీద అర్జీ నిలవదు. అప్పుడు షాపు ఎలా నడుస్తోందన్నదే మీ చేతిలో ఉన్నది. జీహెచ్‌ఎంసీ పరిధిలో ఏ4 షాపు పొద్దున 10 నుంచి రాత్రి 11 దాకానే. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. అక్కడే కూర్చుని తాగాలంటే పర్మిట్ రూమ్‌కు విడిగా లైసెన్స్ ఉండాలి. అది లేకుండా పక్కసందులో సిట్టింగ్ నడిస్తే తేదీ, సమయం పడేలా ఫోటోలతో ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. రోడ్డు మీద తాగి గొడవ చేస్తుంటే అప్పటికప్పుడు 100కో 112కో ఫోన్. బండ్లు అడ్డంగా పెడితే ట్రాఫిక్ పోలీసులకు. సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు నాలాలో పడుతుంటే జీహెచ్‌ఎంసీ 040-21111111. అన్నీ ఒకే అర్జీలో కుక్కి ఒకే ఆఫీసుకు ఇస్తే ఎవరికి వారు "మాది కాదు" అంటారు.

పనైందో లేదో ఎలా చూసుకోవాలి?

"షాపు రావట్లేదులే" అని షట్టరు ఓనరు చెప్పిన మాట నమ్మి నిద్రపోవద్దు. ఆ చోటును తిరస్కరించినట్టు గానీ, షాపును ఫలానా చోటికి మార్చినట్టు గానీ కాగితం మీ చేతికి రావాలి. రాకపోతే సమాచార హక్కు కింద అడిగి తెప్పించుకోండి. కొత్త చోటు ఎక్కడో కూడా చూసుకోండి. మేం చూసుకోలేదు. మా షాపు ఆ షట్టరు వదిలి అదే రోడ్డులో ఇంకో షట్టరుకు మారింది. చిన్న గేటుకు టేపు పెడితే 141 మీటర్లు. రూలు ప్రకారం సరే. పిల్లలు ఇప్పుడు దాని ముందు నుంచి నడవరు, మేం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నడుస్తాం.

తర్వాతి విడత లైసెన్సులు 2027 డిసెంబరులో మొదలవుతాయి కదా అని నవంబరు దాకా ఆగొద్దు. డిసెంబరులో తెరవాల్సిన షాపులకు 2023లో ఆగస్టులోనే డ్రా తీసేశారు, 2025లో అక్టోబరులో. 2027 జులై నుంచే పేపరు చూస్తూ ఉండండి, స్కూలు గుర్తింపు ఉత్తర్వు జిరాక్స్ ఇప్పుడే తీసిపెట్టుకోండి.